కాలేజీలో ఎల్‌ఎంఎస్ నిలబడాలంటే: రిజిస్టర్ మూసే తేదీ నుంచి మొదలుపెట్టండి

అఫిలియేటెడ్ కాలేజీకి ఎల్‌ఎంఎస్ (పాఠాలు, టెస్టులు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే వేదిక) లాంటి కొత్త సాఫ్ట్‌వేర్ ఎప్పుడొస్తుందో స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుసు. కాలేజీల నాణ్యతని మదింపు చేసే నాక్ నుంచి పీర్ టీమ్ వచ్చే ఏడాది వస్తుందనగా వస్తుంది, లేదంటే పక్క కాలేజీ తన బ్రోషర్‌లో 'పూర్తి డిజిటల్ క్యాంపస్' అని వేసుకున్న ఏడాది వస్తుంది. సెమినార్ హాల్లో కంపెనీ మనిషి ఒక పూట స్లైడ్లు చూపిస్తాడు. టీ, సమోసా అయ్యాక లాగిన్లు పంచుతారు. మర్నాటి నుంచి లెక్చరర్ చేతిలో పాత రిజిస్టర్ ఉంటుంది, ఫోన్‌లో కొత్త యాప్ ఉంటుంది, రెండింట్లోనూ అవే వివరాలు నింపాలి. మూడో నెలకి యాప్ వాడేది కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఒక్కటే. నాక్ విజిట్‌కి వారం ముందు మిగతావాళ్లంతా కూర్చుని ఏడాది డేటా ఒక్కసారే ఎక్కిస్తారు.

దీనికి 'స్టాఫ్‌కి ఆసక్తి లేదు' అని పేరు పెట్టేస్తారు. నేను ఒప్పుకోను. ఒకే పని రెండుసార్లు చేయమంటే ఆసక్తి ఎవరికీ ఉండదు. కొత్తది తెరిచే ముందు పాతది ఏది, ఏ తేదీన మూతపడుతుందో కాగితం మీద చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ ఏడాదికి తెరవకపోవడమే మేలు. కింద ఉన్న అడుగులన్నీ ఆ షరతు చుట్టూ రాసినవే. ఐక్యూఏసీ (కాలేజీ లోపలి నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్‌నో, కంప్యూటర్లు, నెట్ చూసుకునే ఐసీటీ ఇన్‌ఛార్జినో, ప్రిన్సిపాల్‌నో దృష్టిలో పెట్టుకుని రాశాను. ఉదాహరణకి మూడుల్ తీసుకున్నాను, ఎందుకంటే మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే ఉచిత ఎల్‌ఎంఎస్‌లలో అదొకటి. ఆఫీసు పనులు నడిపే ఈఆర్‌పీకైనా, లైబ్రరీలో పుస్తకాల లెక్క చూసే కోహాకైనా ఇదే వరస పనికొస్తుంది.

1. ఒక విద్యార్థి పేరు ఎన్నిచోట్ల రాస్తున్నారో లెక్కపెట్టండి

సాఫ్ట్‌వేర్ ఊసెత్తకముందు ఒక వారం కాగితాల వెంట నడవండి. బీకాం రెండో ఏడాది విద్యార్థి ఒకరిని ఎంచుకోండి. ఆ పేరు క్లాస్ రిజిస్టర్‌లో ఉంటుంది. నెలాఖరున కన్సాలిడేటెడ్ షీటులోకి ఎక్కుతుంది. మెంటార్ పుస్తకంలో ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు చూపాలి కాబట్టి ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ మళ్లీ రాసుకుంటుంది. హాజరు తగ్గినా పరీక్షకి అనుమతించే కండోనేషన్ జాబితా కోసం ఎగ్జామ్ బ్రాంచ్ ఇంకోసారి అడుగుతుంది. ఇంటర్నల్ మార్కులదీ అదే దారి: జవాబు పత్రం మీది మార్కు అవార్డ్ లిస్టులోకి, అక్కడి నుంచి డిపార్ట్‌మెంట్ రిజిస్టర్‌లోకి, అక్కడి నుంచి యూనివర్సిటీ పోర్టల్‌లోకి వెళ్తుంది. ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ అయితే సీఓ-పీఓ అటైన్‌మెంట్ (కోర్సు, ప్రోగ్రామ్ లక్ష్యాలు ఎంత నెరవేరాయో చూపే) ఎక్సెల్ షీటులోకి కూడా.

రాసేవాళ్లని ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: "ఇది ఎవరు చూస్తారండీ?" కొన్నిచోట్ల సూటిగా జవాబొస్తుంది. కొన్నిచోట్ల "ముందు నుంచీ రాస్తున్నాం కదా సార్" అంటారు. ఆ రెండో రకం రిజిస్టర్‌ని సాఫ్ట్‌వేర్ లేకుండానే ఆపేయవచ్చు. ఆపేసి చూడండి, మీ మాటకి స్టాఫ్ రూమ్‌లో విలువ పెరుగుతుంది.

ఈ లెక్క అయ్యాక మొదలుపెట్టడానికి ఒక్క పనే ఎంచుకోండి. ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది. మొదటి సెమిస్టర్‌లో హాజరు జోలికి పోవద్దు. హాజరుతో డిటెన్షన్, స్కాలర్‌షిప్, తల్లిదండ్రుల ఫిర్యాదులు అన్నీ ముడిపడి ఉంటాయి, ఒక్క తప్పు పడితే సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం ఆ రోజే పోతుంది. పైగా మూడుల్‌లో హాజరు కోసం ప్లగిన్ (అదనపు భాగం) విడిగా వేసుకోవాలి. యూనిట్ టెస్టులు, అసైన్‌మెంట్లతో మొదలుపెట్టండి. అరవైమంది క్లాసుకి ఇరవై బిట్ల క్విజ్ పెడితే మార్కులు అక్కడికక్కడే వచ్చేస్తాయి. పేపర్ల కట్ట ఇంటికి మోసుకెళ్లే పని తప్పిందని లెక్చరర్‌కి మొదటి వారంలోనే తెలుస్తుంది.

2. మూసే ఉత్తర్వు రాయించండి

ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగ్‌లో నోటితో చెప్పింది చాలదు. సర్క్యులర్ కావాలి. ఇలాంటిది:

"ఈ సెమిస్టర్ మొదటి రోజు నుంచి బీకాం మూడో సెమిస్టర్ యూనిట్ టెస్టు, అసైన్‌మెంట్ మార్కులు మూడుల్‌లో మాత్రమే నమోదు చేయాలి. డిపార్ట్‌మెంట్ రిజిస్టర్‌లో మళ్లీ రాయనక్కరలేదు. నెలాఖరున తీసిన ప్రింటు మీద లెక్చరర్, హెచ్‌ఓడీ సంతకాలు చేసి ఫైలులో ఉంచాలి. తనిఖీలకు ఆ ఫైలే రికార్డు."

ఇందులో ప్రాణం ఉన్నది చివరి వాక్యంలో. మన దగ్గర రిజిస్టర్ వదలలేకపోవడానికి మొండితనం కారణం కాదు, తనిఖీ భయం. యూనివర్సిటీ కమిటీ వచ్చి "రిజిస్టర్ ఏదండీ" అంటే ఏం చూపించాలన్నది నిజమైన ప్రశ్న. సంతకం పెట్టిన ప్రింటు ఆ ప్రశ్నకి జవాబు. 'పేపర్‌లెస్' అని గొప్పగా ప్రకటించిన చోట ఈ ప్రింటు కూడా లేక, భయంతో అందరూ చాటుగా పాత పుస్తకమే రాసుకుంటూ ఉంటారు.

సర్క్యులర్ చిత్తుప్రతి ముందుగా ఆఫీసు సూపరింటెండెంట్‌కి చూపించండి. ఏ ఫైలు ఎన్నేళ్లు ఉంచాలో, ఆడిట్ వాళ్లు ఏది అడుగుతారో ప్రిన్సిపాల్ కంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన "ఇది చెల్లదు" అంటే వాదించకండి, ఏం రాస్తే చెల్లుతుందో ఆయన చేతే రాయించండి.

3. ఎవరెవరిని కూర్చోబెట్టుకోవాలి

కొత్త విషయాన్ని జనం ఎలా అందుకుంటారో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో ఒక లెక్క ఇచ్చారు. ముందే దూకేవాళ్లు 2.5 శాతం, వాళ్ల వెనక తొందరగా అందుకునేవాళ్లు 13.5, ఆ తర్వాత వచ్చే రెండు పెద్ద గుంపులు 34 చొప్పున, ఆఖరున వచ్చేవాళ్లు 16. ఈ శాతాలు మీ కాలేజీకి అచ్చంగా సరిపోవాలనేం లేదు. ఆయన చెప్పినదాంట్లో మనకి పనికొచ్చేది వేరే ఉంది: మధ్యలోని పెద్ద గుంపు మొదట దూకినవాళ్లని చూసి కదలదు, తాము గౌరవించే రెండో గుంపుని చూసి కదులుతుంది.

మన స్టాఫ్ రూమ్‌లో మొదట దూకేది కంప్యూటర్ సైన్స్ వాళ్లు. వాళ్లెంత బాగా వాడినా మిగతావాళ్లు అనే మాట ఒకటే: "వాళ్లకేమండీ, వాళ్ల సబ్జెక్టే అది." కాబట్టి ప్రచారం వాళ్ల చేత చేయించవద్దు. కామర్స్‌లో పాతికేళ్ల సర్వీసున్న మేడమో, పిల్లలు భయపడే కెమిస్ట్రీ సారో ఒకరు వాడి "బానే ఉంది, రెండు గంటలు మిగిలాయి" అని టీ తాగుతూ అంటే చాలు. ఆ ఒక్కరిని వెతికి పట్టుకోవడమే ఈ అడుగులో అసలు పని. మీ కాలేజీ ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) లోకల్ చాప్టర్ అయితే అక్కడ కాలేజీ తరఫున సమన్వయం చేసే ఎస్‌పీఓసీగా ఉన్నవాళ్లని, కోర్సు పూర్తిచేసి పరీక్ష రాసిన లెక్చరర్లని చూడండి. ఆన్‌లైన్‌లో విద్యార్థిగా ఉండటం ఎలా ఉంటుందో వాళ్లకి అనుభవం ఉంది.

ఈ పని నడిపే బృందంలో వీళ్లతో పాటు ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి ఒకరు, సిస్టమ్ అడ్మిన్, ఒక కాంట్రాక్ట్ లేదా గెస్ట్ లెక్చరర్, ఒక విద్యార్థిని ఉండాలి. గెస్ట్ లెక్చరర్‌ని మరచిపోవడం మామూలే. కానీ చాలా డిగ్రీ కాలేజీల్లో సగం క్లాసులు నడిపేది వాళ్లే.

4. సరుకు ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి

మూడుల్‌ని మార్టిన్ డూజియామాస్ 2002లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి విడుదల చేశారు. అంతకుముందు ఆయన కర్టిన్ యూనివర్సిటీలో ఇంకో కంపెనీ ఎల్‌ఎంఎస్‌ని చూసుకునే ఉద్యోగి. వాడేవాళ్ల తిట్లన్నీ విన్న మనిషి చేసింది కావడంతో పని సాగేలా ఉంటుంది, అందంగా మాత్రం ఉండదు. లైసెన్సుకి డబ్బు కట్టనక్కరలేదు. సర్వర్‌కి, దాన్ని చూసుకునే మనిషికి కట్టాలి. 'ఉచితం' అని గవర్నింగ్ బాడీకి చెప్పేముందు ఈ రెండో ముక్క కూడా చెప్పండి.

గూగుల్ క్లాస్‌రూమ్ ఇంకా తేలిక. కానీ పరాయి ఉచితం మీద ఆనుకుంటే ఏమవుతుందో 2021లో చూశాం. విద్యాసంస్థలకి అపరిమితంగా ఇచ్చిన స్టోరేజిని సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లకి తగ్గిస్తున్నట్టు గూగుల్ ఆ ఏడాది ప్రకటించింది, 2022 జూలై నుంచి అమలు చేసింది. చిన్న కాలేజీకి 100 టెరాబైట్లు ఎక్కువే. లాక్‌డౌన్ క్లాసుల వీడియోలన్నీ డ్రైవ్‌లో నింపుకున్న పెద్ద యూనివర్సిటీలకి మాత్రం కత్తెర పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

కంపెనీ మనిషి డెమోకి వచ్చినప్పుడు స్లైడ్లు ఆపమని ఈ నాలుగు అడగండి. మా డేటా మొత్తం ఎక్సెల్‌లో దించుకోవచ్చా, ఇప్పుడే దించి చూపిస్తారా? రెండో ఏడాది ఎంత కట్టాలి? పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, హాస్టల్ నెట్‌లో తెరుచుకుంటుందా? విద్యార్థుల వివరాలు ఎక్కడ ఉంచుతారు, ఒప్పందం ముగిశాక చెరిపేస్తారా? చివరిదాన్ని లాంఛనంగా అడగొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది. డిగ్రీ ఫస్ట్ ఇయర్‌లో 17 ఏళ్లవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలిసిందే.

5. క్యాలెండర్ చూసి మొదలుపెట్టండి

ముంబై యూనివర్సిటీ 2017 వేసవి పరీక్షల జవాబు పత్రాలని స్కాన్ చేసి తెర మీద దిద్దించాలని నిర్ణయించింది. ఆలోచన మంచిదే. కానీ పరీక్షల సీజన్ నడుస్తుండగా కంపెనీతో ఒప్పందం కుదిరింది. 17 లక్షలకి పైగా జవాబు పత్రాలు. అధ్యాపకులకి హడావిడి శిక్షణ, స్కానింగ్‌లో గందరగోళం, దిద్దేవాళ్ల కొరత. మహారాష్ట్ర గవర్నర్‌గా, ఛాన్సలర్‌గా ఉన్న మన కరీంనగర్ విద్యాసాగరరావు గారు జూలై 31 గడువు పెట్టారు. అదీ దాటింది. ఫలితాలు నెలల తరబడి సాగి, పీజీ అడ్మిషన్లకి వెళ్లాల్సిన పిల్లలు చిక్కుకుపోయారు. అక్టోబర్‌లో వైస్ ఛాన్సలర్‌ని గవర్నర్ తొలగించారు.

తెర మీద దిద్దే పద్ధతిలోనే దోషముందని దీన్నిబట్టి అనలేం. మొత్తం యూనివర్సిటీని, అతి ముఖ్యమైన పరీక్షకి, ఒక్క దెబ్బలో మార్చబోయారు. పాత పద్ధతికి తిరిగి వెళ్లే దారి ఉంచుకోలేదు.

మీ కాలేజీలో ఒక డిపార్ట్‌మెంట్, ఒక సెమిస్టర్, తక్కువ మార్కుల టెస్టు. అంతే. సెమిస్టర్ తెరిచిన మొదటి వారంలో మొదలుకావాలి. మిడ్ పరీక్షల ముందు, స్పాట్ వాల్యుయేషన్ సమయంలో, అడ్మిషన్ల నెలలో కొత్తదేదీ పెట్టకండి. నాక్ విజిట్ ముందు అసలే వద్దు. ఆ రోజుల్లో నేర్పింది ఫొటో కోసం నేర్చుకుంటారు.

6. పేర్ల జాబితా: ఇక్కడే సగం కాలేజీలు జారిపడతాయి

విద్యార్థుల పేర్లు మూడుల్‌లోకి ఒకేసారి ఎక్కించడానికి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన సాదా జాబితా) కావాలి. హాల్ టికెట్ నంబర్‌నే యూజర్‌నేమ్‌గా పెట్టండి, అది ఎవరూ మరచిపోరు. అయితే ఎక్సెల్‌తో జాగ్రత్త. డిగ్రీ హాల్ టికెట్ నంబర్‌లో 12 అంకెలుంటే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని 1.10524ఈ+11 లాంటి రూపంలో చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెర మీద కనిపించిందే ఫైల్లోకి వెళ్తుంది. అరవైమందికి దాదాపు ఒకే నంబర్ వచ్చి, ఒక్కరే లోపలికి వెళ్లి మిగతావాళ్లు బయట నిలబడతారు. ఆఫీసులో డేటా ఎంట్రీ చేసినవాళ్లని అందరూ తిడతారు, వాళ్ల తప్పేం లేదు.

మందు సులభం. ఖాళీ షీటు తెరిచి, ఆ నిలువు వరుసని ముందే 'టెక్స్ట్'గా మార్చి, ఆ తర్వాత నంబర్లు పేస్ట్ చేయండి. సున్నాతో మొదలయ్యే నంబర్లున్నా ఇదే మందు. సేవ్ చేశాక ఆ సీఎస్‌వీని మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి చూడకండి, నోట్‌ప్యాడ్‌లో చూడండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ నొక్కితే రోగం మళ్లీ మొదటికొస్తుంది. జేఎన్‌టీయూ తరహా నంబర్లలో ఇంగ్లిష్ పెద్దక్షరాలుంటాయి. మూడుల్ యూజర్‌నేమ్ చిన్నక్షరాల్లో ఉండాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు యూజర్‌నేమ్‌లని సరిచేసే ఐచ్ఛికం ఆన్‌లో ఉంచండి, పిల్లలకి మాత్రం "చిన్నక్షరాలతో కొట్టండి" అని ఒక్క ముక్క చెప్పండి.

పదోతరగతి మెమోలో ఉన్న పేరే వాడండి. విద్యార్థికి దేశమంతటా ఒకటే ఉండే అపార్ ఐడీ, క్రెడిట్లు జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్నది కూడా గొడవవుతుంది.

7. శిక్షణ: సెమినార్ హాల్ వద్దు, స్టాఫ్ రూమ్ చాలు

ఎనభైమందిని హాల్లో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద చూపించేది శిక్షణ కాదు, సమావేశం. ముగ్గురు నలుగురిని, వాళ్ల టేబుల్ దగ్గరే, ఖాళీ పీరియడ్‌లో, వాళ్ల సొంత సిలబస్‌తో, వాళ్ల సొంత ఫోన్ మీద కూర్చోబెట్టండి. లేచేసరికి ఒక్క నిజమైన పని పూర్తయి ఉండాలి: రేపటి క్లాసుకి పది ప్రశ్నల క్విజ్. సాయంత్రం నాలుగు తర్వాత పెట్టకండి. కాలేజీ బస్సు తప్పితే ఇంటికెలా అన్న ఆలోచనలో ఉన్న మేడం చెవికి మీ మాట ఎక్కదు.

క్విజ్ ప్రశ్నలని ఒక్కొక్కటిగా మూడుల్‌లో టైప్ చేయించొద్దు. ఎంత ఓపిక ఉన్నవాళ్లయినా ఐదో ప్రశ్న దగ్గర వదిలేస్తారు. ఐకెన్ అనే ఫార్మాట్ నేర్పండి. నోట్‌ప్యాడ్‌లో మొదటి వరుసలో ప్రశ్న, ఆ కింద ఒక్కో వరుసలో ఒక్కో జవాబు. ప్రతి జవాబు ముందు ఇంగ్లిష్ పెద్దక్షరం ఏ, బీ, సీ, డీ, చుక్క, ఖాళీ. చివరి వరుసలో ఇంగ్లిష్ పెద్దక్షరాలతో ఆన్సర్ అని రాసి, కోలన్ పెట్టి, సరైన జవాబు అక్షరం. రెండు ప్రశ్నల మధ్య ఒక ఖాళీ వరుస. ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చేసి ఇంపోర్ట్ చేస్తే వంద ప్రశ్నలు ఒక్కసారే ప్రశ్నల బ్యాంకులోకి వెళ్తాయి. చాలామంది లెక్చరర్ల దగ్గర పాత బిట్ బ్యాంకులు వర్డ్‌లో ఉండనే ఉంటాయి. అవి ఈ రూపంలోకి మారి, ఒక్క నొక్కుతో ఎక్కేసినప్పుడు చూడాలి ఆ ముఖాలు.

తెలుగు డిపార్ట్‌మెంట్‌కి వేరే శిక్షణ కావాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. తెలుగు సార్లు చాలామంది ఏళ్లుగా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ప్రశ్నపత్రాలు చేయించుకున్నవాళ్లు. ఆ ఫైల్లోంచి కాపీ చేసి మూడుల్‌లో అతికిస్తే తెలుగు పోయి పిచ్చిగీతలు వస్తాయి. దాంతో "మీ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదు" అని తీర్పు వస్తుంది. నిజానికి పాత అను ఫాంట్ ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకుంది. ఫాంట్ తీసేస్తే కిందున్న ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. కన్వర్టర్‌తో పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, అరసున్నాలు ఒకసారి సరిచూసుకోవాలి. కొత్తగా రాసేది నేరుగా యూనికోడ్‌లోనే రాయాలి. కీబోర్డు నేర్చుకోవడం ఇష్టం లేనివాళ్లకి ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ చూపించండి. ఛందస్సు పాఠం చెబితే గణాల పేర్లు తప్పుగా పడతాయేమో గానీ, మామూలు వచనం బాగానే పడుతుంది.

గణితం వాళ్లకి సమీకరణాలు ఎలా రాయాలో చూపించాలి. లేటెక్ (సమీకరణాలని కోడ్‌గా రాసే పద్ధతి) రాసే అలవాటున్నవారికి మూడుల్ అలాగే చూపిస్తుంది. అలవాటు లేనివారు కాగితం మీద రాసి ఫొటో పెట్టినా తప్పేం లేదు. ముందు వాడనివ్వండి.

ఆఫీసు స్టాఫ్‌కీ, ల్యాబ్ అసిస్టెంట్లకీ కూడా శిక్షణ ఇవ్వండి. పిల్లలు "సార్, లాగిన్ అవట్లేదు" అని మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే.

8. టైమ్ ఎక్కడి నుంచి తెస్తారు

వారానికి 16 పీరియడ్లు, ఇన్విజిలేషన్, అడ్మిషన్ డ్యూటీ, ఎన్నికల డ్యూటీ, ఆ పైన ఎల్‌ఎంఎస్. మొదటి సెమిస్టర్‌లో కంటెంట్ తయారుచేయడానికి నిజంగానే ఎక్కువ సమయం పడుతుంది, తర్వాత తగ్గుతుంది. ఆ మొదటి భారాన్ని కాలేజీ భరించాలి. పైలట్‌లో (మొదటి ప్రయోగంలో) ఉన్నవాళ్లకి ఒక కమిటీ పని తీసేయండి, లేదా వారానికి ఒక పీరియడ్ తగ్గించి టైమ్ టేబుల్‌లో 'ఈ-కంటెంట్' అని రాసి ఇవ్వండి. టైమ్ టేబుల్‌కి ఎక్కని పని మన కాలేజీల్లో పనిగా లెక్కకు రాదు.

రెగ్యులర్ అధ్యాపకులకి ఇంకో ఆసరా ఉంది. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో ఐసీటీ బోధన సామగ్రికి ప్రమోషన్‌లో లెక్కకొచ్చే పాయింట్లున్నాయి. నాలుగు భాగాలతో పూర్తి మూక్ (ఎవరైనా చేరగల ఆన్‌లైన్) కోర్సు తయారుచేస్తే 20, పూర్తి కోర్సుకి ఈ-కంటెంట్ చేస్తే 12. ఫైలు పెట్టుకోవడానికి ఏ రుజువులు ఉంచుకోవాలో ఐక్యూఏసీ ముందే చెబితే సగంమంది తామే వస్తారు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కి ఈ పాయింట్లు అన్నం పెట్టవు. వాళ్లు చేసిన ప్రశ్నల బ్యాంకుకి గౌరవ వేతనం ఇవ్వండి. ఇవ్వలేకపోతే అడగకండి.

9. పాస్‌వర్డ్ మరచిపోయిన మనిషి

మొదటి నెలలో వచ్చే ఫోన్లలో ఎక్కువ పాస్‌వర్డ్ గురించే. దానికి ఒక వాట్సాప్ గ్రూపు, పేరున్న ఒక మనిషి, రోజూ ఒక నిర్ణీత గంట కావాలి. 'హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ చేయండి' అంటే ఎవరూ చేయరు. గ్రూపులో మాత్రం ఒక నియమం గట్టిగా పాటించండి. పదిమంది ముందు ఎవరి తప్పునీ ఎత్తి చూపకూడదు. సీనియర్ సార్ అడిగిన చిన్న ప్రశ్నకి కుర్ర లెక్చరర్ నవ్వే బొమ్మ పెడితే, ఆయన ఇక ఆ గ్రూపులో నోరు విప్పరు, ఎల్‌ఎంఎస్ కూడా తెరవరు.

క్విజ్ మధ్యలో కరెంటు పోతే ఏంటన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మూడుల్ జవాబులని మధ్యమధ్యలో తానే సేవ్ చేస్తూ ఉంటుంది, మామూలు అమరికలో నిమిషానికోసారి. మళ్లీ లాగిన్ అయితే ఆపిన దగ్గర నుంచి రాసుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు కాబట్టి ఆ పిల్లవాడికి విడిగా టైమ్ పొడిగించే వీలు లెక్చరర్‌కి చూపించి ఉంచండి.

10. "నేను వాడను" అనేవాళ్లతో

ముందు కారణం తెలుసుకోండి. ఒకరికి కళ్లు సరిగా ఆనవు, ఫోన్ తెర చిన్నది, ల్యాబ్‌లో పెద్ద మానిటర్ ఇస్తే సరిపోతుంది. ఇంకొకరి రిటైర్మెంట్ వచ్చే ఏడాది, ఆయన్ని వదిలేయండి, ఆయన నోట్సు స్కాన్ చేసి పెట్టే పని ఒక విద్యార్థికివ్వండి. మరొకరు "రాతపరీక్ష లేకపోతే పిల్లలకి రాయడం రాదు" అంటారు. ఆ మాటలో నిజముంది, బిట్లకే పరిమితమైన క్లాసు చదువు కాదు. వ్యాసరూప ప్రశ్నలు కాగితం మీదే ఉంచి, మార్కులు మాత్రం మూడుల్‌లో వేయమనండి.

అన్నిటికన్నా గట్టి కారణం ఎవరూ పైకి చెప్పనిది: నిఘా. బయోమెట్రిక్, ముఖం గుర్తించే హాజరు వచ్చాక, కాలేజీలో ఏ కొత్త తెర కనిపించినా 'మమ్మల్ని కనిపెట్టడానికే' అనుకోవడం సహజమైపోయింది. మూడుల్‌లో ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో లాగ్ ఉంటుంది. యాజమాన్యం చేతికి అది వెళ్లి, ఇంక్రిమెంట్ మీటింగ్‌లో ఒక్కసారి బయటికి వస్తే చాలు, ఆ తర్వాత అందరూ రోజూ లాగిన్ అవుతారు, లోపల ఏమీ చేయరు. లాగ్‌లు స్టాఫ్ మదింపుకి వాడబోమని రెండో అడుగులో చెప్పిన సర్క్యులర్‌లోనే రాయించండి. కరెస్పాండెంట్ ఒప్పుకోకపోతే, స్టాఫ్‌ని నమ్మించే బాధ్యత మీరు నెత్తికెత్తుకోకండి.

11. ఏం కొలవాలి

లాగిన్ల సంఖ్య, అప్‌లోడ్ చేసిన పీపీటీల సంఖ్య కొలవద్దు. మూడు విషయాలు చూడండి. మూస్తామన్న రిజిస్టర్ నిజంగా మూతపడిందా? (స్టాఫ్ రూమ్ బీరువా తెరిచి చూడండి, చాటుగా రాస్తున్న పుస్తకం అక్కడే ఉంటుంది.) ఇంటర్నల్ మార్కుల తుది జాబితా చేయడానికి ఇదివరకు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడెన్ని? వచ్చే సెమిస్టర్‌లో చెప్పకుండానే వాడేవాళ్లు ఎవరు?

చాటు పుస్తకం దొరికితే కోప్పడకండి. రాస్తున్నవారిని అడిగితే మీకు తెలియని అవసరం ఏదో బయటపడుతుంది, ఎక్కువసార్లు యూనివర్సిటీ ఫార్మాట్‌కి, మూడుల్ ఇచ్చే ప్రింటుకి నిలువు వరుసలు కలవకపోవడం. అది సరిచేశాకే రెండో డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. హాజరు సంగతి మూడో సెమిస్టర్‌లో చూసుకోవచ్చు.

12. తాళాలు ఎవరి దగ్గర

ప్రైవేటు కాలేజీల్లో సిస్టమ్ అడ్మిన్ జీతం పెరగక ఏ నెలలోనైనా మానేయవచ్చు. ప్రభుత్వ కాలేజీలో అయితే బదిలీ. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి, సీలు వేసిన కవర్లో ప్రిన్సిపాల్ బీరువాలో ఒకటి ఉండాలి. డొమైన్, హోస్టింగ్ కాలేజీ అధికారిక మెయిల్ మీద కొనాలి, ఎవరి సొంత జీమెయిల్ మీదా కాదు. రెన్యువల్ తేదీని ఆఫీసు క్యాలెండర్‌లో ఫీజు తేదీల పక్కనే రాయించండి.

బ్యాకప్ అంటే మూడు ముక్కలు: డేటాబేస్, మూడుల్‌డేటా అనే ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైళ్లు. డేటాబేస్ ఒక్కటే తీసి బ్యాకప్ ఉందనుకుంటే మార్కులు తిరిగొస్తాయి, పిల్లలు పెట్టిన అసైన్‌మెంట్ ఫైళ్లు రావు. సెమిస్టర్ సెలవుల్లో ఒకసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో నిజంగా ఎక్కించి, ఒక విద్యార్థి లాగిన్‌తో లోపలికి వెళ్లి, ఆమె పెట్టిన అసైన్‌మెంట్ తెరుచుకుంటుందో లేదో చూడండి.